అకూస్టిక్ గిటార్‌కు బోల్ట్ నెక్: ఏ అతుకు, ఏ బోల్ట్, ఎక్కడ జిగురు

బాడీ అయిపోయింది, నెక్ చెక్కడం అయిపోయింది, ఇక రెండూ కలపడమే మిగిలింది అనుకున్నాక ఆలోచించే విషయం కాదిది. నెక్ బ్లాక్, అంటే బాడీ లోపల నెక్‌ను పట్టే చెక్క దిమ్మ, కోయకముందే తేల్చుకోవాలి. బ్లాక్ ఎంత మందం ఉండాలి, హీల్‌కు (నెక్ బాడీకి ఆనే మడమ భాగానికి) నాలుక వదలాలా వద్దా, ట్రస్ రాడ్ (నెక్ వంగకుండా లోపల పెట్టే కడ్డీ) గాడి ఎక్కడ ఆగాలి అన్నవన్నీ నెక్‌ను ఎలా బిగిస్తారన్న దాని మీదే ఆధారపడి ఉంటాయి. బోల్ట్ నెక్ అనగానే అదేదో ఒకే పద్ధతి అన్నట్టు మాట్లాడతారు గానీ, అందులో మూడు వేర్వేరు ఎంపికలున్నాయి: హీల్ బాడీకి ఆనే తీరు, బోల్ట్ చెక్కలో పట్టుకునే ఇనుప సామాను, టాప్ (బాడీ పై పలక) మీదికి వచ్చే ఫ్రెట్‌బోర్డు తోక. ఒకదానికి తీసుకున్న నిర్ణయం రెండోదాన్ని కట్టిపడేస్తుంది కాబట్టి మూడింటినీ కలిపే చూడాలి.

ముందు డవ్‌టెయిల్, అంటే పావురం తోకలా విచ్చుకున్న నాలుకను గాడిలో దూర్చే అతుకు, సంగతి ముగిద్దాం. జిగురుతో అతికించిన డవ్‌టెయిలే అసలైన గిటార్ అతుకు, బోల్ట్ అనేది ఫ్యాక్టరీలు పని తగ్గించుకోవడానికి పట్టిన అడ్డదారి అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. 1960లలో ఫెండర్ తన అకూస్టిక్ గిటార్లకు ఎలక్ట్రిక్ గిటార్లలో లాగే నాలుగు స్క్రూల నెక్ పెట్టింది. ఆ చెడ్డపేరులో కొంత అక్కడి నుంచి వచ్చిందే. కానీ మర తిప్పి నెక్ కోణం సరిచేసే పద్ధతి అంతకంటే చాలా పాతది. వియన్నాలో యోహాన్ గియార్గ్ స్టాఫర్ 19వ శతాబ్దం మొదట్లోనే హీల్‌లో తాళంచెవితో తిరిగే మరమేకు పెట్టి గిటార్లు చేశాడు. ఆయన దగ్గర పనిచేసి 1833లో అమెరికా వెళ్లిన సి.ఎఫ్. మార్టిన్ కూడా తొలి రోజుల్లో అలాంటి గిటార్లు చేశాడు. డవ్‌టెయిల్ అనగానే గుర్తొచ్చే పేరు ఆయనదే కావడం తమాషా. ఇక ఈ రోజుల్లో టేలర్, కాలింగ్స్, బూర్జువా వంటి పేరున్న తయారీదారులు బోల్ట్‌తోనే బిగిస్తున్నారు. వాటిలో కొన్ని బాగా ఖరీదైన గిటార్లు కూడా. ధ్వని పాడవుతుందన్న వాదనను నేనైతే పక్కన పెట్టేస్తాను. అతుకు బాగా కుదిరిందా లేదా అన్నదే వినిపిస్తుంది తప్ప లోపల జిగురుందా ఇనుముందా అన్నది కాదు.

డవ్‌టెయిల్‌లో నాకు కనిపించే అసలు ఇబ్బంది దాన్ని విప్పడం. తీగల లాగుడుకు ఏళ్ల తరబడి బాడీ కొద్దికొద్దిగా వంగి, తీగలు ఫ్రెట్‌బోర్డు నుంచి పైకి లేస్తాయి. బ్రిడ్జి మీద తీగలు ఆనే సాడిల్ పట్టీని అరగదీసే వీలు అయిపోయాక నెక్ కోణం మార్చక తప్పదు. డవ్‌టెయిల్ గిటార్‌లో దానికోసం మామూలుగా 15వ ఫ్రెట్ పీకి, ఆ గాడిలోంచి సన్నటి బెజ్జం వేసి, లోపలికి ఆవిరి పంపి జిగురు మెత్తబడేలా చేయాలి. బోల్ట్ నెక్‌కు ఎలెన్ కీ (ఆరు పలకల వంపు తాళంచెవి) చాలు. తోకను జిగురుతో అంటించి ఉంటే కాస్త వేడి కూడా కావాలి. ఇంకో లాభం తయారీలోనే ఉంది. బాడీకీ నెక్‌కూ విడివిడిగా పాలిష్ వేసుకోవచ్చు, హీల్ మూలల్లో చేయి దూరక తంటాలు పడక్కర్లేదు.

నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ చేస్తుంటే లెక్క వేరు. అక్కడ హీల్‌కే గాళ్లు కోసి సైడ్లను అందులో దూర్చే స్పానిష్ పద్ధతి ఉంది. లాగుడు కూడా స్టీల్ తీగలతో పోలిస్తే సుమారు సగమే. ఇక్కడి నుంచి చెప్పేదంతా స్టీల్ తీగల గిటార్ గురించి.

బోల్ట్ మీద ఎంత బరువు పడుతుంది

బోల్ట్ తట్టుకుంటుందా అని అందరూ అడుగుతారు. ఒక చేతిలెక్క వేసి చూద్దాం. లైట్ గేజ్ తీగలు, అంటే 12-53 సెట్, మామూలు శ్రుతిలో ఆరూ కలిసి సుమారు 74 కిలోల బలంతో లాగుతాయి. నెక్, బాడీ కలిసే చోట తీగలు టాప్ మట్టానికి ఇంచుమించు 1 సెంటీమీటరు ఎత్తున ఉంటాయి. హీల్ పైభాగం, అంటే టాప్‌కు సరిగ్గా దిగువన ఉండే అంచు, బాడీకి గట్టిగా ఆనుకుని ఉంటే నెక్ ఆ అంచు మీదే తిరగబోతుంది. హీల్ కింది కొస బాడీని వదిలి బయటికి రావాలని చూస్తుంది. దాన్ని పట్టి ఆపేది, ఒకదాని కింద ఒకటిగా ఉండే రెండు బోల్ట్‌లలో కింది బోల్ట్. అది టాప్‌కు 5 సెంటీమీటర్ల దిగువన ఉంటే 74ను 1తో గుణించి 5తో భాగించాలి. పడే బరువు సుమారు 15 కిలోలు. ఎం6 బోల్ట్‌కు, అంటే 6 మిల్లీమీటర్ల లావు బోల్ట్‌కు, అదొక లెక్కే కాదు.

ఇప్పుడు అతుకు సరిగా కుదరలేదనుకుందాం. హీల్ పైభాగంలో కంటికి ఆనని సందు ఉంది, 3 సెంటీమీటర్ల కిందే చెక్కకు చెక్క తగులుతోంది. నెక్ తిరిగే బిందువు కిందికి జారింది కాబట్టి తీగల దూరం 4 సెంటీమీటర్లయింది, బోల్ట్ దూరం 2కి పడిపోయింది. 74ను 4తో గుణించి 2తో భాగిస్తే 148 కిలోలు. అదే బోల్ట్, అదే చెక్క, అవే తీగలు, బరువు మాత్రం దాదాపు పది రెట్లు. తోక ఇచ్చే సాయాన్ని ఈ లెక్కలో పట్టించుకోలేదు. అయినా సందు ఉన్నప్పుడు పాపం ఆ తోక మీదే భారమంతా పడి ముందు అదే లేస్తుంది.

ఈ లెక్కలోంచి రెండు సంగతులు తేలతాయి. కింది బోల్ట్ ఎంత కిందికి వీలైతే అంత కింద ఉండాలి. హీల్ చెంపలు, అంటే బాడీకి ఆనే రెండు పక్కల ముఖాలు, టాప్ దగ్గర సందు లేకుండా ఆనాలి. ఎంత లావు బోల్ట్ వేసినా ఈ రెండింటి లోటు తీరదు.

చదును హీలా, టెనాన్ హీలా

చదును హీల్ అంటే హీల్ ముఖం బల్లపరుపుగా ఉండి నేరుగా సైడ్లకు ఆనుకోవడమే. బ్లాక్‌లోంచి వచ్చిన బోల్ట్‌లు నేరుగా హీల్‌లోకి వెళ్తాయి. కోత పని తక్కువ, బ్లాక్‌ను తొలవక్కర్లేదు. కోణం మార్చాలన్నా ముఖం ఒక్కటే అరగదీస్తే సరి. టేలర్ దారి ఇదే. 1999లో ఆ కంపెనీ తెచ్చిన ఎన్‌టీ నెక్‌లో హీలూ తోకా రెండూ బాడీలో తొలిచిన గుంటల్లో కూర్చుంటాయి. కోణం మార్చాలంటే సన్నటి కొలత చెక్కలు మారుస్తారు, అంతే. కానీ అక్కడ కోతంతా కంప్యూటర్ యంత్రాలది. చేత్తో చేసేవాళ్లకు చదును హీల్‌లో చిక్కేమిటంటే నెక్‌ను పక్కలకు కదలకుండా పట్టేది ఏదీ ఉండదు. బోల్ట్ బిగిస్తున్నప్పుడే అర మిల్లీమీటరు జారితే బ్రిడ్జి దగ్గరికి వచ్చేసరికి తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పైగా హీల్ కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. బరువు మోసే కింది బోల్ట్ ఆ సన్నటి చోటే చెక్కలోకి దిగాలి. అక్కడ చీలిక వస్తే హీల్ బయటికే కనిపిస్తుంది.

టెనాన్ పద్ధతిలో హీల్ నుంచి సుమారు 20 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే పొడవు ఉన్న నాలుక ముందుకు వస్తుంది. బ్లాక్‌లో దానికి సరిపడే గాడి. నాలుక గాడిలో కూర్చోగానే నెక్ పక్కలకు జరగడం ఆగిపోతుంది, పైకీ కిందికీ మాత్రం జరిపి ఫ్రెట్‌బోర్డు మట్టం చూసుకోవచ్చు. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ఈ టెనాన్ బిర్రుగా ఉండాల్సిన పనిలేదు. చేత్తో మెల్లగా తోస్తే దిగేంత చాలు. బలం హీల్ చెంపల నుంచి, బోల్ట్ బిగింపు నుంచి వస్తుంది, నాలుక పని దారి చూపించడం వరకే. బిర్రుగా చేస్తే చెంపలు ఆనకముందే నాలుక ఇరుక్కుని, అతుకు కుదిరిందన్న భ్రమ కలుగుతుంది.

ఫ్యాక్టరీ యంత్రాలు లేని చోట నేను టెనాన్‌కే ఓటేస్తాను. గాడి తొలవడానికి అదనంగా పట్టే శ్రమ, నెక్ నిటారుగా నిలబెట్టేటప్పుడు తిరిగి దక్కుతుంది.

ఒక చిన్న ఉపాయం: నెక్ వచ్చే చోట సైడ్లు కొద్దిగా వంపు తిరిగి ఉంటాయి. హీల్ ఆనేంత మేర ఆ వంపును శాండ్ పేపర్ అంటించిన చదును పలకతో తీసేయండి. వంపు ముఖానికి హీల్ కుదర్చడం, చదును ముఖానికి కుదర్చడం ఒక్కటి కాదు.

బోల్ట్ దేన్ని పట్టుకోవాలి

అసలు తగువు ఇక్కడుంది. బోల్ట్ నెక్ పొడవు దిశలోనే హీల్‌లోకి వెళ్తుంది. నెక్ చెక్క నార కూడా అదే దిశ. అంటే చెక్కలో పెట్టే మర ఏదైనా నార కొసల్లోనే కరవాలి. చెక్క మరను అతి తక్కువ గట్టిగా పట్టేది సరిగ్గా ఆ కొసల్లోనే.

ఇత్తడి ఇన్సర్ట్ ఎక్కువమంది మొదట కొనేది. బయట ముతక మర, లోపల ఎం6 మర ఉండే చిన్న గొట్టం ఇది. సుమారు 10 మిల్లీమీటర్ల లావున్న ఆ గొట్టాన్ని 20 మిల్లీమీటర్ల టెనాన్‌లో దింపితే పక్కన మిగిలేది అటు 5, ఇటు 5. బెజ్జం కాస్త చిన్నదైతే టెనాన్ చీలుతుంది, కాస్త పెద్దదైతే మర పట్టదు. ఇన్సర్ట్ తల మీద స్క్రూడ్రైవర్ కోసం గాటు ఉంటుంది. దాన్ని నమ్మవద్దు, ఇత్తడి మెత్తనిది, గాటు చెదిరి ఇన్సర్ట్ సగంలో ఆగిపోతుంది. ఒక బోల్ట్‌కు రెండు నట్లు ఎదురెదురుగా బిగించి, దాని చివర ఇన్సర్ట్ ఎక్కించి, డ్రిల్ ప్రెస్ (స్టాండుకు బిగించిన నిలువు డ్రిల్) ఉంటే దాని పట్టులో బోల్ట్ పెట్టి, కరెంటు ఆపేసి చేత్తో తిప్పుతూ దించితే నిటారుగా వెళ్తుంది. బెజ్జం మూతిని ముందే కొంచెం వాలుగా విప్పాలి. లేకపోతే ఇన్సర్ట్ దిగేటప్పుడు చుట్టూ చెక్క ఉబ్బి, ఆ ఉబ్బే అతుకును ఎత్తిపెడుతుంది. ఇన్సర్ట్ తల కూడా చెక్క మట్టానికి ఒక వెంట్రుక కిందే ఉండాలి, పైకి రాకూడదు. దించాక తీసి, మర గాళ్లలో పలుచటి సూపర్‌గ్లూ ఇంకనిచ్చి, పూర్తిగా ఆరాక మళ్లీ దించితే పట్టు పెరుగుతుంది.

ఇన్సర్ట్‌కు ఇంకా మంచి చికిత్స ఒకటుంది. బోల్ట్ దారికి అడ్డంగా టెనాన్‌లో గట్టిచెక్క కడ్డీ ఒకటి జిగురుతో దూర్చి, ఆ కడ్డీలోకి ఇన్సర్ట్ దింపాలి. అప్పుడు మర నార కొసల్లో కాక నారకు అడ్డంగా కరుస్తుంది. కానీ ఇంత చేసే ఓపిక ఉన్నప్పుడు నేరుగా బారెల్ నట్ పెట్టుకోవచ్చు కదా అన్నది నా ప్రశ్న.

బారెల్ నట్ అంటే విప్పి మళ్లీ బిగించే ఫర్నిచర్‌లో వాడే పొట్టి ఉక్కు గుండు. ఎం6కు మామూలుగా 10 మిల్లీమీటర్ల లావు ఉంటుంది, దాని నడుముకు అడ్డంగా మర బెజ్జం. టెనాన్‌కు పక్క నుంచి 10 మిల్లీమీటర్ల బెజ్జం, చివర నుంచి బోల్ట్ కోసం ఇంకో బెజ్జం వేస్తే రెండూ లోపల కలుస్తాయి. చెక్కలో మర అన్న మాటే లేదు, గుండు మొత్తం చెక్క మీద ఆనుకుని లాగుతుంది. నూరుసార్లు విప్పి బిగించినా అరిగేదేమీ లేదు. చూసుకోవాల్సింది రెండే. టెనాన్ కొసకూ గుండుకూ మధ్య 8 మిల్లీమీటర్లయినా చెక్క మిగలాలి, లేకపోతే ఆ ముక్క నార వెంట ఊడొస్తుంది. 20 మిల్లీమీటర్ల టెనాన్‌లో గుండు కేంద్రం కొస నుంచి 13 మిల్లీమీటర్ల దగ్గర పెడితే అంతా టెనాన్‌లోనే ఇమిడిపోతుంది. రెండోది, రెండు బెజ్జాలూ కచ్చితంగా కలవడం. చేతి డ్రిల్‌తో ఇది కష్టం, డ్రిల్ ప్రెస్ ఉండి తీరాలి. గుండు కొస మీద స్క్రూడ్రైవర్ గాటు ఉన్నది ఎంచుకుంటే మర బెజ్జాన్ని బోల్ట్ వైపు తిప్పుకోవడం తేలిక.

మూడోది హ్యాంగర్ బోల్ట్. ఒక పక్క చెక్క మర, ఇంకో పక్క నట్ ఎక్కే మర. హీల్‌లో బిగించేస్తే ఇక బయటికి పొడుచుకునే ఉంటుంది, బ్లాక్ వెనక నట్ బిగిస్తారు. చవక, దొరకడం తేలిక, అంతవరకే దాని గొప్ప. హీల్ కుదర్చడానికి నెక్‌ను పదేపదే పెట్టి తీయాలి, ఆ పొడుచుకున్న కడ్డీలు ప్రతిసారీ అడ్డమొస్తాయి. అది చెక్కలో కరిచేది కూడా నార కొసల్లోనే. కిట్‌లో వచ్చిందని వాడుకోవాలే తప్ప ఏరికోరి కొనేంత సరుకు లేదు.

ఏది పెట్టినా పై బోల్ట్ ట్రస్ రాడ్ గాడికి తగలకుండా చూసుకోవాలి. గాడి 10, 11 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది కాబట్టి పై బోల్ట్ కేంద్రం నెక్ పైముఖం నుంచి కనీసం 20 మిల్లీమీటర్ల దిగువన ఉంటే గొడవ లేదు. బ్లాక్‌లో బెజ్జాలు 7 మిల్లీమీటర్లు వేస్తే ఎం6 బోల్ట్‌కు కొంచెం సర్దుబాటు దక్కుతుంది. బోల్ట్ తల కింద వెడల్పాటి వాషర్ గానీ చిన్న ఇనుప పట్టీ గానీ తప్పనిసరి. లేదంటే బిగించే కొద్దీ తల బ్లాక్‌లోకి కూరుకుపోతుంది.

తోకను అంటించాలా, బిగించాలా

14వ ఫ్రెట్ దాటి టాప్ మీదికి వచ్చే ఫ్రెట్‌బోర్డు భాగాన్ని మామూలుగా టాప్‌కే జిగురుతో అంటిస్తారు. సులువు, తేలిక, అదనపు నిర్మాణం అక్కర్లేదు. నష్టం ఏళ్లు గడిచాక తెలుస్తుంది. బాడీ కదిలితే తోక బాడీతో పోతుంది, మిగతా ఫ్రెట్‌బోర్డు నెక్‌తో ఉంటుంది, రెండూ కలిసే చోట గూని తేలుతుంది.

తోకనూ బోల్ట్‌లతో పట్టే పద్ధతిలో ఫ్రెట్‌బోర్డు కింద నెక్ చెక్కే ముందుకు సాగి ఉంటుంది, లేదా గట్టి పట్టీ ఉంటుంది. అది టాప్‌లో తొలిచిన గుంటలో కూర్చుంటుంది, కింద ఎల్ ఆకారపు బ్లాక్ లోంచి చిన్న బోల్ట్‌లు పైకి వచ్చి పట్టుకుంటాయి. ఫ్రెట్‌బోర్డు మొదటి నుంచి చివరి దాకా ఒకే మట్టంలో ఉంటుంది, నెక్ పది నిమిషాల్లో ఊడి వస్తుంది. అయితే గుంట లోతు, హీల్ ముఖం, నెక్ కోణం మూడూ ఒకేసారి కుదరాలి. ఒకటి సరిచేస్తే ఇంకోటి తప్పుతుంది. మొదటి గిటార్‌కు ఈ తలనొప్పి ఎందుకు?

జిగురుకే మొగ్గితే వేడికి మెత్తబడే జిగురు వాడండి. తోలుజిగురు, మామూలు పసుపు చెక్కజిగురు రెండూ పనికొస్తాయి. ఎపాక్సీ, నీళ్లకు చెదరని రకాల జోలికి వద్దు. హీల్ చెంపలకు, టెనాన్‌కు జిగురు చుక్క కూడా తగలకూడదు. భద్రంగా ఉంటుందిలే అని అక్కడా పూస్తే బోల్ట్ పెట్టిన ప్రయోజనమే పోయింది. టాప్ మీద తోక కూర్చునే మేర పాలిష్ గీకేసి, పచ్చి చెక్క మీదే అంటించాలి.

కుదర్చడం

హీల్ ముఖం లోపలి భాగాన్ని ఉలితో కొద్దిగా గుల్ల చేయండి, అంచుల చుట్టూ 3 మిల్లీమీటర్లు మాత్రం వదలండి. ఆనాల్సింది ఆ అంచులే. బోల్ట్‌లు వదులుగా ఎక్కించి, 150 నంబరు శాండ్ పేపర్ పట్టీని గరుకు హీల్ వైపు ఉండేలా సందులో పెట్టి, నెక్‌ను బాడీకి నొక్కిపట్టి పట్టీని నిటారుగా బయటికి లాగండి. అటు ఎన్నిసార్లో ఇటూ అన్నిసార్లే. నెక్ ఒక పక్కకు చూస్తోందంటే, అది వాలాల్సిన పక్క చెంపకు రెండు మూడు లాగుళ్లు ఎక్కువ ఇవ్వాలి. పేపర్‌ను మూలకు వంచి లాగితే అంచు గుండ్రబడి, మనం దేనికోసం ఇంత కష్టపడుతున్నామో ఆ ఆనికే పోతుంది.

కోణం చూడటానికి ఫ్రెట్ల మీద పొడవాటి స్కేలు పెడితే దాని కొస బ్రిడ్జి పైముఖాన్ని తాకీ తాకనట్టు ఉండాలి. ఎంత తీయాలో ఊహించక్కర్లేదు. హీల్ ఎత్తును సాడిల్ దగ్గర కావాల్సిన మార్పుతో గుణించి, బాడీ అతుకు నుంచి సాడిల్ దూరంతో భాగించండి. తీగ మోగే పొడవు (దీన్నే స్కేలు పొడవు అంటారు) 645 మిల్లీమీటర్లు ఉండి, 14వ ఫ్రెట్ దగ్గర బాడీ కలిసే గిటార్‌లో ఆ దూరం 287. హీల్ 90 మిల్లీమీటర్లు, సాడిల్ దగ్గర స్కేలు కొస 3 మిల్లీమీటర్లు పైకి రావాలి అనుకుంటే హీల్ కింది కొసన తీయాల్సింది 0.9 మిల్లీమీటరే. పైకి వచ్చేకొద్దీ తగ్గుతూ టాప్ దగ్గర సున్నా కావాలి. టాప్ దగ్గర చెక్క తీశారంటే స్కేలు పొడవే మారిపోతుంది.

ఎవరికి ఏది

మొదటి గిటార్, డ్రిల్ ప్రెస్ అందుబాటులో ఉంది: టెనాన్, రెండు బారెల్ నట్లు, జిగురు తోక. ఇంకేం ఆలోచించకండి. డ్రిల్ ప్రెస్ లేకపోతే అడ్డ కడ్డీ పెట్టిన ఇన్సర్ట్. కిట్ కొన్నవాళ్లు అందులో వచ్చిందే వాడుకోండి, కానీ వాషర్లు సన్నగా ఉంటే మార్చండి. బోల్ట్‌ల తోక మాత్రం ఒకటి రెండు నెక్‌లు కుదిర్చి చేయి తిరిగాక పెట్టుకోవచ్చు. వాతావరణం మార్పులకు మట్టం తరచూ సరిచేసుకుంటూ వాయించే వాద్యకారుడి కోసం చేస్తుంటే మాత్రం ఆ శ్రమ తగినదే. ఒకే కొలతలో వరసగా చాలా గిటార్లు చేయబోతున్నవాళ్లు, రౌటర్‌కు (చెక్క తొలిచే యంత్రానికి) అచ్చులు సిద్ధం చేసుకోగలిగినవాళ్లు చదును హీల్ వైపు చూడవచ్చు.

బిగించేటప్పుడు ఎలెన్ కీని పొట్టి చేయి వైపు పట్టుకుని తిప్పండి. ఆగిన చోటు నుంచి పావు చుట్టు చాలు. తీగలు ఎక్కించి శ్రుతి చేసిన కొన్ని వారాలకు కొత్త చెక్క సర్దుకుని బోల్ట్‌లు కొంచెం వదులవుతాయి. తీగలు దించి, సౌండ్‌హోల్‌లోంచి చేయి పెట్టి ఇంకోసారి బిగించండి. బోల్ట్ తలలను కప్పే లేబుల్ ఏదైనా ఉంటే ఆ తర్వాతే అంటించండి.